మొదటి వేడిలో పడిన ముద్ర

"ఆ కోటు మెషీన్లో వేస్తే మెషీన్ పాడవుతుంది. దానికున్నది మామూలు మురికి కాదు, గ్రీజు," అంటోంది కోడలు.

"మెషీన్లో వెయ్యమని ఎవరన్నారు? అసలు ఉతకొద్దంటున్నా. నాన్న వాసన ఉంది దానికి," అంది కూతురు.

"అది పెట్రోలు వాసన. పసిపిల్ల ఉన్న ఇల్లు."

"మనిషి పోయి రెండ్రోజులు కాలేదు వదినా."

"అందుకే రెండ్రోజులు ఆగాను."

పెరటి గుమ్మంలో ఇద్దరి మధ్యా ప్లాస్టిక్ బక్కెట్ ఉంది. అందులో ఆసుపత్రివాళ్లు కవర్లో పెట్టి ఇచ్చిన బట్టలున్నాయి. కొడుకు ఒకసారి చెల్లెలి మాటకీ, ఒకసారి పెళ్లాం మాటకీ తలూపుతూ, గోడమీద పిల్లిలా ఇద్దరికీ కాకుండా నిలబడ్డాడు. భోజనాల బల్ల దగ్గర పెద్దావిడ ఉతికిన తువాళ్లు మడత పెడుతోంది. ఆ బట్టలు ఆమె భర్తవి. ఆమెని మాత్రం ఎవరూ అడగలేదు.

కోడలు కుళాయి మీద చెయ్యి వేసింది.

"ఆ బక్కెట్లో నీళ్లు పొయ్యకండి," అంది వీధి గుమ్మంలోంచి ఇంకో గొంతు.

నలుగురూ తిరిగి చూశారు. యాభై దాటిన మనిషి. భుజానికి బరువైన సంచి, మెడలో తాడుకి కళ్లజోడు. ఇరవై ఆరేళ్లపాటు బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న బళ్లూ కాలిన బళ్లూ కొలిచి రిపోర్టులు రాసిన మనిషి ఆమె. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టి ఐదేళ్లయినా జనం ఆమెని సర్వేయరమ్మ అనే పిలుస్తారు.

"మీరెవరు? ఎవరు రమ్మన్నారు?" కొడుకు ఫోన్ జేబులో పెట్టాడు.

"కారు బాగుచేసిన మేస్త్రీ భార్య పంపింది."

"మా నాన్నని చంపినవాడి భార్యా? చాలు. దయచేసి వెళ్లండి మేడం."

"రానీ," అంది పెద్దావిడ తువాలు మీంచి కళ్లెత్తకుండా.

"అమ్మా, ఇన్‌స్పెక్టర్ గారు ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు."

"ఇన్‌స్పెక్టర్ ఇల్లు కాదుగా ఇది. కుర్చీ వెయ్యి ఆవిడకి."

సర్వేయరమ్మ టైము చూసుకుంది. రెండూ పది. ఐదింటికి ఇన్‌స్పెక్టర్ మేస్త్రీని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతాడు. నిర్లక్ష్యంగా పనిచేసి మనిషి ప్రాణం తీశాడని రాసుకున్న కాగితం ఇప్పటికే తయారైపోయింది. ఒక్కసారి జైలు గేటు దాటితే, అరవై ఏళ్ల వయసులో అతని చేతికి ఇంకెవరూ బండి అప్పగించరు.

జరిగినది చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంటాయన దగ్గర నలభై ఐదేళ్ల కిందటి కారు ఉంది. దాన్ని ఆయన కొడుకు కంటే ముందునుంచి పెంచుతున్నాడని ఇంట్లో పాత హాస్యం. ఇంజన్‌లోంచి పొగ బయటికి తీసుకెళ్లే పోత ఇనుప దిమ్మని తీసేయించి, దాని చోట నాలుగు స్టీలు పైపుల జత పెట్టించుకున్నాడు. హెడర్లంటారు వాటిని. బండి చేసిన కంపెనీవి కావు. బయటెవరో చేసినవి, పార్సిల్లో తెప్పించాడు. వాటితో ఇంజన్ ఊపిరి బాగా తీసుకుంటుందనీ, కొండ రోడ్డు పరుగున ఎక్కుతుందనీ నెలరోజులుగా ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. శనివారం మేస్త్రీ వాటిని బిగించాడు. ఆదివారం పది గంటలకి అందరి ముందూ ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చెయ్యాలి. కానీ ఏడూ ఐదుకి కొడుకు షెడ్డు తలుపు తీసేసరికి లోపల ఇంజన్ తిరుగుతూనే ఉంది. నాన్న స్టూలు పక్కన నేలమీద ఉన్నాడు.

"ఇంజన్ ఆపిందెవరు?" సర్వేయరమ్మ నోటుబుక్కు తీసింది.

"నేనే. వెంటనే ఆపేశాను," అన్నాడు కొడుకు.

"మళ్లీ ఎవరైనా స్టార్ట్ చేశారా? పోలీసులు?"

"లేదు. కారు తాళంచెవి ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరే ఉంది."

"సైలెన్సర్‌కి గొట్టం తగిలించి ఉందా?"

"ఉంది. నాన్న ఎప్పుడూ పొగ గోడకన్నంలోంచి బయటికి పంపిస్తాడు. గొట్టం బాగానే ఉంది. పొగ లీకయింది ముందువైపు, ఆ కొత్త పైపుల దగ్గర. నట్లు వదులుగా ఉన్నాయి. అది మేస్త్రీ పని కాక ఎవరి పని?"

"తలుపు ఎందుకు మూసుకున్నారు ఆయన?"

కోడలు కొంగు వేలికి చుట్టుకుంది.

"నేనే అన్నాను," అంది చివరికి. "శనివారం భోజనాల దగ్గర. 'పొద్దున్నే మోత మొదలెట్టకండి మామయ్యా, పాప లేస్తుంది' అని. ఆయన నవ్వి, 'సరేలే, తలుపేసుకుంటా' అన్నారు. పది గంటలకని చెప్పి ఆరింటికే వెళ్తారని నాకేం తెలుసు?"

"చప్పుడు విన్నారా?"

"ఆరూ పదికి ఏదో పటపటమంది. పక్కింటివాళ్ల నీళ్ల మోటారనుకున్నా."

"మీరు?" సర్వేయరమ్మ పెద్దావిడ వైపు తిరిగింది.

"నా గది అటువైపే," అంది పెద్దావిడ. విన్నానని గానీ వినలేదని గానీ అనలేదు. సర్వేయరమ్మ ఆ మాటని ఆమె అన్నట్టే రాసుకుంది.

"షెడ్డు తాళంచెవి ఎక్కడుంటుంది?"

"వంటింట్లో మేకుకి. శనివారం ఆరూ పదికి మేస్త్రీ నా చేతికిచ్చి వెళ్లాడు. నేనే తగిలించాను."

"ఆ తర్వాత ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేను, కోడలు, పాప, ఆయన. ఆయన ముందు గదిలో వార్తలు చూస్తున్నారు. వీడు ఎనిమిదింటికి వచ్చాడు. అమ్మాయి ఆదివారం మధ్యాహ్నం, కబురు తెలిశాకే వచ్చింది."

సర్వేయరమ్మ లేచి బక్కెట్ దగ్గర వంగింది. కోటు కింద ఒక జత గుడ్డ చేతితొడుగులున్నాయి.

"ఇవి ఆయన చేతులకే ఉన్నాయా, ఆ పొద్దున?"

"ఉన్నాయి. కారుని ఒట్టి చేతుల్తో ముట్టుకోడు నాన్న. మెరుగు మాసిపోతుందట," అంది కూతురు. నవ్వబోయి మానేసింది.

సర్వేయరమ్మ టేపు తీసి, తొడుగు నాలుగు వేళ్ల వెడల్పూ కలిపి కొలిచింది. తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. పిచ్చి ముదిరితే ఇంతే అన్నట్టు చూశాడు కొడుకు.

*

షెడ్డు దారి చూపించడానికి పెద్దావిడ తనే వచ్చింది.

లోపల ఆసుపత్రిలో కంటే ఎక్కువ శుభ్రంగా ఉంది. గోడమీద చెక్కకి స్పానర్లు వరసగా తగిలించి ఉన్నాయి. ఒక్కో స్పానర్ వెనక దాని ఆకారం తెల్ల రంగుతో గీసి ఉంది, ఏది లేకపోయినా ఖాళీ కనిపించేలా. ఒక్క ఖాళీ కూడా లేదు. పనిబల్ల మీద ఒకే ఒక్క స్పానర్ ఉంది. మెడ కాల్చి వంచినది.

సర్వేయరమ్మ బల్లవైపు కాస్త ఎక్కువసేపు చూసింది.

ఆరోజే పొద్దున పదకొండింటికి లాకప్ చువ్వల అవతల నుంచి మేస్త్రీ చెప్పిన ప్రతి మాటా ఆమె బుక్కులో ఉంది.

"ఎన్ని నట్లు?" అని అడిగింది ఆమె.

"ఎనిమిది."

"ఎన్ని బిగించావు?"

"ఏమ్మా, ఏడు బిగించి ఎనిమిదోది ఇంటికి పట్టుకుపోతానా? ఎనిమిదీ బిగించాను. వెనకవి రెండూ చచ్చేంత కష్టం. పాత దిమ్మకైతే చెయ్యి దూరేది. ఈ కొత్త పైపులు పాముల్లా మెలికలు తిరిగి అడ్డమొచ్చాయి. దానికోసం నా సంచీలోని పదమూడో నంబరు స్పానర్‌ని కాల్చి వంచాను. ముందరి ఆరూ అయ్యగారి మామూలు పదమూడుతో అయిపోయాయి."

"తర్వాత స్పానర్లు?"

"రెండూ బల్లమీదే పెట్టి వచ్చాను. మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాలి. పొద్దున పనికొస్తాయని."

"ఆఖరున ఏం చేశావు?"

"స్పిరిట్‌తో తుడిచాను. అయిదూ యాభై అయింది. స్టీలు పైపు మీద చేతి జిడ్డు అంటితే, మొదటి వేడికి అది కాలి అక్కడే అతుక్కుపోతుంది. పచ్చబొట్టు లాంటిది, ఇంక చచ్చినా పోదు. అందుకే మెత్తటి గుడ్డతో సందుసందూ తుడిచి, అయ్యగారితో కూడా చెప్పా, 'పైపు ముట్టుకున్నారంటే నేను మీ ఇంటికి రాను' అని. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు పాపం, బడిపిల్లాడిలా."

అంతవరకు చెప్పి అతను చువ్వలు వదిలి మొహం తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం వాళ్లది.

"బానెట్ ఎత్తాలి," అంది సర్వేయరమ్మ.

పెద్దావిడ బానెట్ కింద వేలు దూర్చి, లోపలి కొక్కెం తప్పించి, ఒక చేత్తో ఎత్తి కమ్మీ నిలబెట్టింది. మూత తీసి కూర చూసినంత తేలిగ్గా చేసింది ఆ పని. సర్వేయరమ్మ టార్చి వేసింది.

కొత్త హెడర్లు ఇంక తెల్లగా లేవు. ఇంజన్‌కి ఆనుకున్న చోట నీలం, దాని తర్వాత ఊదా, కిందికి పోయేకొద్దీ లేత బంగారు రంగు. ఒక్క గంట వేడికి వచ్చిన రంగులు. నాలుగు పైపుల్లో మూడు అద్దంలా ఉన్నాయి. నాలుగోది, రేడియేటర్ పక్కన ఉన్న మొదటి పైపు, వంపు దగ్గర గోధుమరంగు మచ్చలతో ఉంది. దగ్గరికి వంగింది. నాలుగు మచ్చలు ఒకవైపు, ఒకటి అవతలివైపు. ఒక ఎడమచెయ్యి పైపుని గట్టిగా పట్టుకుంది. వేళ్ల గీతలతో సహా కాలి మిగిలింది.

టేపు పెట్టింది. ఆరున్నర సెంటీమీటర్లు.

"నట్టు వదులు చూడాలి. స్పానర్ అందిస్తారా?" అంది తల బయటికి తియ్యకుండా.

పెద్దావిడ చెక్క దగ్గరికి వెళ్లింది. వెతకలేదు, నంబరు చదవలేదు. తీసుకొచ్చి చేతిలో పెట్టింది. పదమూడు.

సర్వేయరమ్మ ఒక్కొక్క నట్టుకీ స్పానర్ తగిలించి చూసింది. ముందరి ఆరింట్లో మొదటి మూడూ వేలితో తిరిగేంత వదులు. వాటి చుట్టూ మసి నల్లగా చిమ్మింది. మిగిలిన ముందరివి మూడూ బిగుతు. వెనకవి రెండూ, వంచిన స్పానర్‌తో చూస్తే, రాయిలా ఉన్నాయి.

"చాలా ఏళ్లుగా అందిస్తున్నారా ఆయనకి?" అని అడిగింది మామూలుగా.

"నలభై ఏళ్లు. అన్నం దగ్గర ఉప్పు అడిగినట్టు అడిగేవాడు. 'పదకొండు, పదమూడు, పెద్ద స్క్రూడ్రైవరు.' నా పేరు మర్చిపోయాడేమో అనుకునేదాన్ని."

*

మూడూ ఐదుకి జీపు ఆగిన చప్పుడైంది.

"అనుకున్నాను," అంటూ వచ్చాడు ఇన్‌స్పెక్టర్. "స్టేషన్‌లో మేస్త్రీ నవ్వు మొహంతో కూర్చుంటే ఎవరో ఆశ పెట్టారనుకున్నాను. మీరేనా మేడం?"

రెండేళ్ల కిందట ఒక లారీ తగలబడిన కేసులో అతను డ్రైవరు సిగరెట్ అని రాస్తే, సర్వేయరమ్మ వైరు కాలిందని నిరూపించింది. ఆ తర్వాత అతన్ని ఆరునెలలు ట్రాఫిక్‌లో నిలబెట్టారు. ఆ ఎండ అతను మర్చిపోలేదు.

"మీరు చూడాల్సినది ఒకటుంది," అంది ఆమె.

"నేను చూడాల్సినవన్నీ ఆదివారమే చూశాను. నట్లు వదులు. అందువల్ల గ్యాసు. నట్లు బిగించాల్సింది మేస్త్రీ. మూడు ముక్కల్లో కేసు అయిపోయింది. కొండని తవ్వి ఎలకని పట్టడం మీకు సరదా, నాకు టైము లేదు."

"ఏ నట్లు వదులు?"

"ముందరివి. మూడు."

"అంటే చేతికి అందేవి. వెనకవి రెండూ మీరే బిగించి చూడండి. చెయ్యి దూరదు, స్పానర్ తిరగదు, మోచెయ్యి గీసుకుపోతుంది. మర్చిపోయేవాడు, బద్ధకించేవాడు, ఏవి వదిలేస్తాడు? కష్టమైనవి వదిలి తేలికైనవి బిగిస్తాడు. ఇక్కడ కష్టమైనవి బిగిసి ఉన్నాయి, తేలికైనవి వదులయ్యాయి. ఇది మరుపు కాదు. ఎవరో వచ్చి తమకి అందినవి విప్పారు."

"వేడికి వదులవుతాయి. మీ మేస్త్రీయే చెప్పాడు, మళ్లీ బిగించాలని."

"పావు చుట్టు వదులవుతాయి. వేలితో తిరగవు. అదీ ఎనిమిదీ అవ్వాలి గానీ, పక్కపక్కనున్న మూడేనా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది వినడానికి ఒప్పుకున్నట్టని ఆమెకి తెలుసు. టార్చి మొదటి పైపు మీద వేసింది.

"ఇది చెయ్యి. ఎడమది. కుడిచేత్తో స్పానర్ తిప్పుతూ ఆనుకోడానికి పైపు పట్టుకుంది."

"మేస్త్రీది. పైపులు బిగించినవాడి చెయ్యి పైపుమీద కాక ఆకాశంలో ఉంటుందా?"

"రోజంతా గ్రీజు చేతుల్తో బిగించాడు. అతను తుడవకపోతే వంద ముద్రలుండాలి, నాలుగు పైపుల మీదా. ఒక్కటే ఉంది. అంటే మొత్తం తుడిచాక పడింది. ఇంజన్ మొదటిసారి వేడెక్కకముందే పడింది. తర్వాత పడితే కాలి అతుక్కోదు, ఎందుకంటే ఇంజన్ మళ్లీ తిరగలేదు. కారు తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా? కాబట్టి శనివారం అయిదూ యాభైకి, ఆదివారం ఆరింటికి మధ్య. ఆ సమయంలో షెడ్డు తాళంచెవి వంటింట్లో మేకుకి ఉంది."

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కొలిచారా?"

"ఆరున్నర. పెద్దాయన తొడుగు తొమ్మిదిన్నర. మేస్త్రీ చెయ్యి మీరు చూశారు, చేట. కొడుకుది కూడా చిన్నదేం కాదు."

"ఆడచెయ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా.

అప్పుడు సర్వేయరమ్మ వెనక్కి చూసింది. పెద్దావిడ షెడ్డులో లేదు. ఎప్పుడు వెళ్లిందో ఇద్దరూ గమనించలేదు.

"అయితే మేస్త్రీని వదిలేస్తారా?" అని అడిగింది సర్వేయరమ్మ.

"వేలిముద్రలవాళ్లు రేపొస్తారు. అంతవరకూ అతను లోపల ఉంటే ఆకాశం ఊడిపడదు. ఐదింటికి మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం ఖాయం. ఇంకొకరు తోడు వెళ్తే వెళ్తారు." అతని మొహంలోకి హుషారు వచ్చింది. అనుమానించే మనిషి మారినా అతని ఊపు మారలేదు. "మోత వద్దన్నదెవరు మేడం? తలుపేసుకోమన్నదెవరు?"

"అడగండి. అరవకండి."

"నా కేసు ఎలా అడగాలో మీరు చెప్పకండి."

*

అతను అరవలేదు, కానీ అరిచినా అంతకంటే నయంగా ఉండేది. బల్లకి ఈ చివర నిలబడి, ఆ చివర పాపని ఎత్తుకున్న కోడలిని ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు.

"శనివారం సాయంత్రం ఏడింటికి ఎక్కడున్నారు?"

"మేడమీద. ఆరిన బట్టలు తీస్తున్నా."

"మేడమెట్లు ఎక్కడినుంచి?"

"పెరట్లోంచి."

"అంటే షెడ్డు పక్కనుంచి. ఎంతసేపు?"

"పావుగంట. పాపని ఎత్తుకుని తీశాను, ఆలస్యమైంది."

"ఆ కారంటే మీకు ఇష్టం లేదు."

"ఇష్టం లేకపోతే..." కోడలి గొంతు పైకి వెళ్లింది. "నాకు మిక్సీ చప్పుడు కూడా ఇష్టం లేదు. దాని నట్లు విప్పానా? ఏ నట్టు ఎక్కడుంటుందో నాకేం తెలుసు? మామయ్య స్పానర్ తెమ్మంటే పట్టకారు తెచ్చేదాన్ని. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు!"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"ఇన్‌స్పెక్టర్ గారూ!" కొడుకు ముందుకొచ్చాడు. "నా భార్యతో మర్యాదగా మాట్లాడండి."

"మర్యాదగానే లేడీ కానిస్టేబుల్‌ని పిలిపిస్తాను. స్టేషన్‌లో కూర్చుని మాట్లాడుకుందాం. పాపని ఎవరికైనా ఇవ్వండి." టోపీ పెట్టుకుని, ఫోన్ చేసుకోడానికి వీధిలోకి వెళ్లాడు.

కోడలు పాపని ఇంకా గట్టిగా పట్టుకుంది. పాప ఏడుపు అందుకుంది. ఇందాకటిదాకా కోటు కోసం వాదించిన కూతురు వదిన పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గోడగడియారం నాలుగూ పది చూపిస్తోంది.

సర్వేయరమ్మ పెద్దావిడ ఎదురుగా కూర్చుంది.

"మేస్త్రీ శనివారం రెండు స్పానర్లు బల్లమీద వదిలి వెళ్లాడు," అంది. "ఆదివారం పోలీసులు తీసిన ఫోటో పొద్దున స్టేషన్‌లో చూశాను, అందులో బల్లమీద ఒకటే ఉంది. రెండోది గోడకి, దాని చోటే ఉంది. దొంగపని చేసేవాళ్లెవరూ వాడిన వస్తువు తీసి చోట్లో పెట్టరు. నలభై ఏళ్లు అలవాటైన చెయ్యి మాత్రం, ఏ పని చేసినా, పెట్టకుండా ఉండలేదు."

పెద్దావిడ తన ఎడమచేతిని బల్లమీద పెట్టింది. చిన్న చెయ్యి. టేపు తియ్యాల్సిన అవసరం సర్వేయరమ్మకి కనిపించలేదు.

"మూడు విప్పాను," అంది పెద్దావిడ. "వెనకవి అందలేదు."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"రెండుసార్లు స్పృహ తప్పి తూలిపోయారు ఆయన, స్టీరింగ్ దగ్గరే. ఒకసారి పెట్రోలు బంకులో, ఒకసారి నడిరోడ్డు మీద. కాలువగట్టు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. డాక్టరు ఇంక బండి ముట్టుకోవద్దన్నాడు. మీకెవరికీ చెప్పనని నాచేత మాట తీసుకున్నారు. ఆ మాట ఇచ్చినందుకు ఆయన నాకిచ్చిన బహుమతి ఏంటో తెలుసా? కొండ రోడ్డు. ఈ పైపులు పెట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మూడ్రోజులు."

"నాకు చెప్పాల్సింది కదమ్మా. నేను ఆపేవాణ్ణి."

"మాట ఇచ్చాను అంటున్నా కదరా. చెప్పలేక, విప్పాను. పది గంటలకి అందరి ముందూ స్టార్ట్ చేస్తారు, తలుపు బార్లా తీసి ఉంటుంది. పటపటమని మోత వస్తుంది. మేస్త్రీ తల గోక్కుని ఇంకో వారం పడుతుందంటాడు. ఆ వారంలో ఇంకేదో ఆలోచించొచ్చు అనుకున్నా. ఆ మోతలో విషం ఉంటుందని తట్టలేదు. నలభై ఏళ్లు అందించాను గానీ, ఎందుకని ఒక్కసారీ అడగలేదు."

కూతురు ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

"ఆరూ పదికి నేనూ విన్నాను," అంది పెద్దావిడ. ఈ మాట ఆమె సర్వేయరమ్మకే చెప్పింది. "మీరడిగారు. నా గది అటువైపని చెప్పి తప్పించుకున్నాను. పటపటమంటే, దొంగతనంగా ముందే మొదలెట్టాడు మానవుడు, ఇంక పని అయిపోయిందిలే అనుకున్నా. అటు తిరిగి పడుకున్నా. హాయిగా నిద్రపట్టింది."

కొడుకు వీధి గుమ్మం దాకా వెళ్లి తొంగిచూశాడు. ఇన్‌స్పెక్టర్ జీపు అవతలివైపు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు. కొడుకు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మేడం," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఆ పైపు మీద గరుకుకాగితం రెండు నిమిషాలు రుద్దితే ముద్రా ఉండదు, ఏమీ ఉండదు. మేస్త్రీకి పెద్ద లాయర్ని నేను పెడతాను. నిర్లక్ష్యం కేసే కదా, నాలుగు రోజుల్లో బెయిలొస్తుంది. అరవై ఆరేళ్ల మనిషిని, నిన్నగాక మొన్న భర్తని పోగొట్టుకున్న మనిషిని..."

"నేను విన్నది విననట్టు రిపోర్టు రాయడం నాకు చేతకాదు," అంది సర్వేయరమ్మ. "ముద్ర గురించి ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పటికే తెలుసు. మీరు రుద్దితే మీ భార్యే రుద్దించిందంటాడు."

"అత్తయ్యా," అంది కోడలు. మామూలుగా ఆ పిలుపు వెనక ఏదో ఒక ఫిర్యాదు ఉంటుంది. ఈసారి లేదు. "నేను వెళ్తాను స్టేషన్‌కి. నా ముద్ర కాదని వాళ్లకే తెలుస్తుంది. ఒక్కరోజే కదా. మీరు చెప్పకండి."

"పాపకి పాలెవరిస్తారే? నేనా?" అంది పెద్దావిడ. కసిరినట్టే అంది. తర్వాత లేచి, కుర్చీ బల్లకిందకి జరిపి, నలుగురి మొహాలూ ఒకసారి చూసింది. వీధిలో జీపు తలుపు మూసుకున్న చప్పుడైంది. బూట్లు మెట్లెక్కుతున్నాయి.

"ఇన్‌స్పెక్టర్ జీపులో నేను వెళ్తున్నాను," అంది ఆమె, ఎప్పటి గొంతుతోనే. "అమ్మాయ్, నువ్వు వదిన దగ్గరుండు. కోడలా, నువ్వెక్కడికీ కదలకు. ఒరే, నువ్వు బండి తీసుకుని మా వెనకే రా. నాకోసం కాదు. ఐదింటిలోపు మేస్త్రీని వదిలేస్తారు, అతన్ని ఇంటిదగ్గర దింపాలి. దారిలో అతనితో ఏం మాట్లాడకు. అతని భార్య ముందు, గుమ్మంలోనే నిలబడి, క్షమించమని అడుగు."

తలుపు తెరుచుకునేసరికి ఆమె చెప్పులు వేసుకుంటోంది.